మూడో ఆదివారం దాకా

భివండి,
9-12-2002, సోమవారం

అక్కా, మన గ్రేస్ నిన్న ఒక మంచి మనిషితో కలిసి మేళాకు పోయి, నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. వందనాలు, క్షేమ సమాచారాలు కింద రాస్తాను. ముందు ఈ ఒక్క మాట రెండుసార్లు చదువు. రాసిన నేనే నాలుగుసార్లు చదువుకున్నాను.

మార్తక్కకు తమ్ముడు దానియేలు వందనాలు. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పనిచేస్తోంది. నలభై ఏళ్లు కార్ఖానాలో సాంచాల, ఆ కరెంటు మగ్గాల చప్పుడులో నిలబడ్డవానికి ఆ సగం మిగలడమే ఎక్కువ.

ఇక మేళా సంగతి. ధామన్కర్ నాకా దాటినాక బడి మైదానంలో పది రోజులు హస్తకళల మేళా పెట్టారు. వెదురు బుట్టలు, వార్లీ బొమ్మలు, తోలు చెప్పులు, కుమ్మరి చక్రం, అన్నీ ఉన్నాయట. శనివారం గ్రేస్ నాకు అన్నం పెడుతూ, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టే చెప్పింది: “నాన్నా, రేపు గుడి అయినంక ఇమ్మానుయేల్ గారితోని మేళాకు పోతున్న. నీకు వంట చేసిపెట్టి పోత.” నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా మొహం చూసి ఎక్కడ మానుకుంటుందో అని పప్పులో తొక్కు కలుపుకుంటూ “పో బిడ్డా” అన్నాను. అంతే అన్నాను అక్కా, నమ్ము.

ఎవరీ ఇమ్మానుయేల్ అంటావు. మాన్కోలిలో గోదాము సూపర్‌వైజరు. ముప్పై ఆరేళ్లు. తండ్రి లేడు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి తన సంగతి మరిచిపోయాడు. వాళ్లది జగిత్యాల దిక్కు. ఇప్పుడు తల్లీ కొడుకులు అంజూర్ ఫాటాలో కొత్త బిల్డింగులో ఉంటారు, అక్కడి గుడికే పోతారు. ఆగస్టులో గుడ్డల బేలు మీద పడి వేలు నలిగితే, గ్రేస్ కట్లు కట్టే దవాఖానకు వచ్చాడు. దసరాకల్లా వేలు మానింది. రావడం మాత్రం మానలేదు. వచ్చినప్పుడల్లా అదే వేలు చూపిస్తాడట.

సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ తనే చెప్పింది. ఒక దుకాణంలో చేనేతవని చెప్పి దుప్పట్లు అమ్ముతున్నారట. గ్రేస్ అంచు తిప్పి చూసి, “భయ్యా, ఇది మా గల్లీల సాంచా మీద నేసింది, మగ్గం గుడ్డకు గిట్ల అంచు రాదు” అన్నదట. దుకాణంవాడు చేతులు జోడించి “తాయీ, మెల్లగా మాట్లాడండి” అని మరాఠీలో బతిమాలాడట. ఇమ్మానుయేల్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయి నిలబడ్డాడట. ఇది చెబుతూ నా బిడ్డ తనూ నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్లకు విన్నాను అక్కా.

నువ్వు మరవలేదు, నేనూ మరవలేదు. ఆరేళ్ల కింద దుర్గవ్వ చిన్నమ్మ తెచ్చిన షోలాపూర్ సంబంధం. మన ఆచారం ప్రకారం పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ఇద్దరి పేర్లూ చదవాలి. రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం పొద్దున వాళ్లు వద్దని కబురు పంపితే, అప్పటి పాస్టరు అయ్యగారు పేర్ల కాగితం చదవకుండానే మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. మన పిల్ల పాటల పుస్తకం పట్టుకొని అట్లాగే కూర్చుంది. అప్పటినుంచి ఆఖరి బెంచీలో కూర్చుంటుంది, ప్రకటనలు మొదలుకాకముందే లేచి చెప్పులు వేసుకుంటుంది. “నాన్నా, నా పేరు ఇంకెన్నడు గుళ్ల చదవనియ్యకు” అన్నది. మాట ఇచ్చాను. పెళ్లి అనే మాటే ఇంట్లో ఎత్తలేదు.

అటువంటి పిల్ల తనంతట తాను పోయి వచ్చింది. ఇద్దరూ కుమ్మరి చక్రం మీద చెరొక చిన్న కుండ చేశారట. తనది ఇంటికి తెచ్చింది, ఇంకా తడిగా ఉంది. ఆరినాక నీళ్లు పోసి రెండు చామంతులు వేసి టీవీ మీద పెడతాను.

ఎవరికీ చెప్పకు. నీ కొడుకు బెంజమిన్‌కు వద్దు, మేనత్త కొడుకు ఓదెలు బావకు వద్దు, దుర్గవ్వ చిన్నమ్మకు వద్దు, మీ పక్కింటి ఐలవ్వకు అసలే వద్దు. గ్రేస్ తల్లి మీ ఊరి సమాధుల తోటలో పడుకోకపోతే ముందు ఆమెకే చెప్పేవాణ్ని. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు పగిలేట్టుంది, అందుకే నీకు రాశాను. ఇంకొకరికి కూడా చెప్పుకుంటాను, కానీ ఆయన దేవుడు, బయట పెట్టడు.

నీ తమ్ముడు
దానియేలు


మెట్‌పల్లి,
16-12-2002

తమ్ముడు దానియేలుకు మార్తక్క దీవెనలు.

రెండుసార్లు చదవమన్నావు, మూడుసార్లు చదివాను. అయినా ఒకటి అర్థం కాలేదు. మేళాకు పోవడం అంటే ఏమిటి? పెళ్లిచూపులా? పెళ్లిచూపులైతే మన తరఫున ఎవరు పోయారు, వాళ్ల తరఫున ఎవరు వచ్చారు? మాట ఖాయమైందా? ఇద్దరే పోయి కుండలు చేసి వచ్చారంటే అది ఏ వరుసలోకి వస్తుందో నాకు తెలియదు. హాస్టల్లో ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు వండిపెట్టినదాన్ని, వాళ్లు గోడ దూకడం చూశాను, ఉత్తరాలు దాచుకోవడం చూశాను. కుండలు చేయడం మాత్రం చూడలేదు.

ఏదైనా కానీ, పిల్ల నవ్విందన్నావు. అది చాలు. నువ్వు నోరు మూసుకొని ఉంటే ఇంకోసారి కూడా నవ్వుతుంది. నీ నోరు నాకు తెలుసు. నువ్వు గుసగుస అనుకొని మాట్లాడితే వీధి చివర కుక్కలు లేస్తాయి. దేవునికి చెప్పుకుంటానన్నావు, మంచిదే. తలుపు వేసుకొని, మోకాళ్ల మీద చెప్పుకో.

ఆ కుండ ఆవంలో కాల్చిందా, పచ్చిదా? ఆ మాట రాయలేదు. పచ్చికుండ అయితే నీళ్లు పోయకు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినవానికి ఇది కూడా చెప్పాలా అనుకుంటావు. నీకు చెప్పాలి.

ఐలవ్వకు నేనేమీ చెప్పలేదు. నీ ఉత్తరం చదువుతూ నవ్వుకుంటుంటే గోడ మీది నుంచి చూసి, “ఏందక్కా, గ్రేస్ లగ్గం కుదిరిందా ఏంది?” అన్నది. నేను “ఏమో” అన్నాను. అంతే.

నీ అక్క
మార్త


భివండి,
22-12-2002, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. తలుపు వేసుకొని చెప్పుకోమన్నావు. అప్పటికే గుడి మొత్తానికి చెప్పేశాను.

ఎనిమిది రోజుల కింద, శనివారం, కానుక కవరు తీసుకొని, అందరిలాగే చీటీ రాసి అందులో పెట్టాను. మా గుడిలో పరీక్ష పాసైతే చీటీ, జ్వరం తగ్గితే చీటీ, స్కూటరు కొంటే చీటీ. ప్రకటనల వేళ అయ్యగారు అన్నీ చదివి ప్రార్థన చేస్తారు. ఇది నాకు తెలియదా? ముప్పై ఏళ్లుగా వింటున్నాను. కానీ రాసేటప్పుడు మాత్రం ఆ చీటీ నేరుగా దేవుని చేతికే పోతుందన్నట్టు రాశాను. గ్రేస్‌కు ఇచ్చిన మాట గుర్తుంది, అందుకే పేరు రాయలేదు. ‘నా బిడ్డను హస్తకళల మేళాకు నడిపించి, ఒక మంచి మనిషిని చూపించి, ఆమెను నవ్వించినందుకు దానియేలు కృతజ్ఞతా కానుక’ అని రాశాను. పేరు లేదు కదా అనుకున్నాను. నాకు ఉన్నదే ఒక్క బిడ్డ అని తోచలేదు.

ఆ ఆదివారం ఇమ్మానుయేల్ తన తల్లిని తీసుకొని మా గుడికి వచ్చాడు. ఆరేళ్లలో మొదటిసారి గ్రేస్ ప్రకటనల ముందు లేవలేదు. వాళ్లు కూర్చున్నారు కాబట్టి తనూ కూర్చుంది. అయ్యగారు కొత్తవారు, సంతోషం గల మనిషి. చీటీ చదివి ఊరుకోకుండా “మన దానియేలన్న బిడ్డ కోసం అందరం ఆమెన్ అందాం” అన్నారు. అందరూ అన్నారు. అందరికన్నా గట్టిగా నేను అన్నాను.

తర్వాత ఆడవాళ్ల వైపు చూశాను. గ్రేస్ పాటల పుస్తకం పట్టుకొని ఆరేళ్ల కింద ఎట్లా కూర్చుందో అట్లాగే కూర్చుంది. ఇమ్మానుయేల్ తల్లి కొంగు సర్దుకొని గబగబా లేచి బయటికి పోయింది. ఆమె వెనకే అతనూ పోయాడు.

ఇంటికి వచ్చినాక గ్రేస్ అరవలేదు. అరిచినా బాగుండేది. బియ్యం కడుగుతూ నా వైపు చూడకుండా, నా మంచి చెవికి వినబడేట్టు చెప్పింది: “నేను ఒక్క రోజు మేళా చూసొచ్చిన నాన్నా. గంతే. అది ఏమైతదో నాకే తెల్వదు. తెలుసుకుందామనుకున్న. నాకన్న ముందు నువ్వు గుడికంత తెలిపినవు.”

కుండ కూడా అయిపోయింది. మొన్న మంగళవారం కాదు, అంతకుముందు మంగళవారమే నీళ్లు పోశాను. తెల్లారేసరికి టీవీ మీద బురద, బురదలో చామంతులు. ఆ రోజు గ్రేస్ కోప్పడలేదు. “పోనీ నాన్నా, మట్టే కదా” అని తుడిచింది. తుడిచిన మట్టిని చెత్తలో వేయకుండా కరివేపాకు కుండీలో వేసింది. అప్పుడు నేను అర్థం చేసుకొని ఉండాల్సింది.

వారం అయింది, ఇమ్మానుయేల్ దవాఖాన వైపు రాలేదు. గ్రేస్ పనికి పోతోంది, వస్తోంది, అన్నం పెడుతోంది, మాట లేదు. మాన్కోలికి పోయి ఆ పిల్లవాని చేతులు పట్టుకొని “తప్పు నాది, నా బిడ్డది కాదు” అని చెబుదామా అనుకుంటున్నాను. వెంటనే రాయి.

దానియేలు


మెట్‌పల్లి,
28-12-2002

తమ్మీ,

నిన్ను తిట్టడానికి కలం తీశాను. రెండు కాగితాలు రాసి చించేశాను. ఎందుకు చించానో కింద రాస్తాను.

మాన్కోలికి పోకు. నువ్వు పోయి అతని చేతులు పట్టుకుంటే గోదాము హమాలీలందరి ముందు ఇంకో చీటీ చదివినట్టే. మాఫీ అడగాల్సింది గ్రేస్‌ను. అడిగేటప్పుడు ‘కానీ’ అనే మాట వాడకు. ‘నీ మంచికే’ అనే మాట అసలే వాడకు. వాళ్లమ్మను మధ్యలోకి తేకు, నీ మోకాళ్లను తేకు, ఏడవకు. అడిగి, బయటికి పోయి కూర్చో. లోపలికి పిలిచేదాకా రాకు.

ఇక నా సంగతి. ఐలవ్వతో “ఏమో” అన్నానని రాశాను. ఆ “ఏమో” బజారుకు పోయి లగ్గమై వచ్చింది. మొన్న నాగయ్య చిన్నాన్న కర్ర పొడుచుకుంటూ వచ్చి “బాజా మనదా, వాళ్లదా?” అని అడిగాడు. కూర్చోబెట్టి చాయ్ పోశాను కానీ, లగ్గం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకా ఉంది. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే కోరుట్లకు పోయి గ్రేస్‌కని చీర కొన్నాను. కనకాంబరం రంగు. పెట్టెలో ఉంది. నిన్ను తిట్టే మొహం నాకు లేదు. ఇద్దరం ఒక్క తల్లి పిల్లలమే.

పండుగకు అరిసెలు చేయలేదు. మనసు రాలేదు.

నీ అక్క
మార్త


భివండి,
9-1-2003

అక్కా,

అడిగాను. నువ్వు చెప్పినట్టే ‘కానీ’ లేకుండా అడిగాను. మాట చిన్నగానే ఉంది గాని నోట్లోంచి రావడానికి సగం పూట పట్టింది. “బిడ్డా, నువ్వు చెప్పాల్సిన మాట నేను చెప్పిన. మాఫ్ చెయ్” అన్నాను. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను. పక్క ఖోలీవాళ్లు కరెంటు పోయిందా అని అడిగారు. ఒక గంటకు గ్రేస్ వచ్చి పక్కన కూర్చుంది. “చలి పెడతది, లోపటికి రా” అన్నది. నాకు అది చాలు.

ఇప్పుడు విను. ఇమ్మానుయేల్ తల్లి ఆ రోజు లేచి ఎందుకు పోయిందో తెలిసింది. కోపంతో కాదు. తనకూ ఒక కానుక కవరు ఇమ్మని గుడి వాకిట్లో అడగడానికి పోయిందట. కవరు దొరకలేదు. ఆ సాయంత్రం ఆరాధనకే అంజూర్ ఫాటా గుడిలో ఆమె కూడా చీటీ పెట్టింది. నేను పేరన్నా దాచాను, ఆమె రెండు పేర్లూ రాసి ‘నాకు కోడలిని ఇస్తున్నందుకు’ అని కూడా రాసిందట. ఇమ్మానుయేల్ సిగ్గుతో చచ్చిపోయి, గ్రేస్‌కు మొహం ఎట్లా చూపించాలో తెలియక దవాఖాన గల్లీలోకే రావడం మానేశాడు. గ్రేస్ వాళ్లకు కోపం వచ్చిందని, అతను గ్రేస్‌కు ఆ చీటీ సంగతి తెలిసి కోపం వచ్చిందని అనుకొని, ఇద్దరూ మూడు వారాలు ఎవరి మూలన వాళ్లు కూర్చున్నారు.

మొన్న సోమవారం వచ్చాడట. మానిపోయిన వేలు ముందు పెట్టి, “ఇది మళ్ల నొస్తుంది సిస్టర్” అన్నాడట. తర్వాత అంతా చెప్పాడట. గ్రేస్ నాకు చెబుతూ కళ్లలో నీళ్లు వచ్చేట్టు నవ్వింది. “నిన్ను, వాళ్లమ్మను ఒక్క గుళ్ల కూసోబెడితే ఆరాధన పొద్దుమూకేదాక అయితది” అన్నది.

అతను చేసిన కుండను మాన్కోలి పక్కన ఇటుక బట్టీలో పెట్టించి కాల్చి తెచ్చాడు. ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మా టీవీ మీద ఉంది. నేను ముట్టుకోలేదు.

గ్రేస్ నాతో ఒప్పందం చేసుకుంది. “మేము ఇంకోపారి కలుస్తం. ఇంకా కలుస్తం. మా సంగతి మాకు ఎరుకయ్యేదాక, నేను చెప్పమనేదాక నువ్వు ఎవ్వరికీ చెప్పొద్దు.”

“దేవునికి?”

“మనసుల చెప్పుకో. చీటీ రాయకు.”

“అత్తకు?”

“అత్తకు సుత వద్దు.”

కాబట్టి అక్కా, ఇది ఆఖరి ముచ్చట. ఇక ముందు వానల గురించి, మోకాళ్ల గురించి రాస్తాను.

దానియేలు


మెట్‌పల్లి,
2-5-2003
(కార్డు)

దానియేలూ,

జనవరి నుంచి నాలుగు ఉత్తరాలు రాశావు. నాలుగింటిలోనూ నీ మోకాళ్లే. పిల్ల ఎట్లుంది అని అడిగితే ఎండలు ముదిరాయి అని రాస్తావు. నేను డెబ్బై నాలుగేళ్లదాన్ని, నీ మోకాళ్ల చరిత్ర చదువుతూ పోవాలని లేదు. ఇక్కడ అడిగినవాళ్లకు జవాబు చెప్పలేక వెనక వాకిలి నుంచి గుడికి పోతున్నాను. చీర పెట్టెలో మడతలు పడుతోంది. ఆ సంబంధం చెడిపోయిందా? చెడితే చెడిందని రాయి. ఓర్చుకుంటాను.

మార్త


భివండి,
11-5-2003, ఆదివారం

అక్కా, మూడోసారి కూడా చదివారు.

నీ కార్డు వచ్చి నాలుగు రోజులైంది. జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చొని, ‘ఎండలు’ అని రాసి ఆపేశాను. నా మీద కోపం తెచ్చుకో, సరే. కానీ ఏప్రిల్ 27న ఒకసారి, మే 4న ఒకసారి చదివారని నీకు రాసి, ఈ రోజు చదవకపోతే ఏం చేసేవాణ్ని? ఆరేళ్ల కింద రెండోసారి చదవగానే ఊరంతా ఉత్తరాలు రాసింది నేనే కదా.

ఈస్టరు ముందు ఇద్దరూ వచ్చి నా ఎదుట కూర్చొని, నిర్ణయించుకున్నామని చెప్పారు. గుడిలో చదవడం కష్టంగా ఉంటే కోర్టులో రిజిస్టరు పెళ్లి చేసుకుందామని ఇమ్మానుయేలే గ్రేస్‌తో అన్నాడు. గ్రేస్ ఆ ఒరిగిన కుండ వైపు చూసి, “చదవనీ. అప్పుడు సగంల ఆగింది కదా, ఈసారి మొత్తం చదవనీ” అన్నది. నేను నోరు తెరవలేదు. అడుగు, ఇమ్మానుయేల్ సాక్షి.

ఈ రోజు పొద్దున గ్రేస్ ఆఖరి బెంచీలో కాదు, మూడో బెంచీలో కూర్చుంది. పక్కన ఇమ్మానుయేల్ తల్లి. ఆమె చేతిలో కవరేదీ లేదని నేను ముందే చూసుకున్నాను. భివండిలో సాంచాలకు సెలవు శుక్రవారం గాని ఆదివారం కాదు, గుడి ఎదుటి కార్ఖానా దడదడ నడుస్తూనే ఉంది. అయ్యగారు లేచి కాగితం తీశారు. పెదవులు కదులుతున్నాయి, నాకు ఒక్క ముక్క వినబడడం లేదు. మొదటి రెండుసార్లు పక్కవాణ్ని అడిగి తెలుసుకున్నాను. ఈసారి అడగడానికి భయపడ్డాను. అయ్యగారు కాగితం మడిచి బైబిల్లో పెట్టారు. అప్పుడు కూడా అట్లాగే మడిచి పెట్టారు అక్కా.

అప్పుడు గ్రేస్ లేచింది. నడవ దాటి మగవాళ్ల వైపు వచ్చింది. అందరూ చూస్తున్నారు. నా కుడి చెవి దగ్గర వంగి, “చదివిండ్రు నాన్నా. మొత్తం చదివిండ్రు” అన్నది. తను గుసగుసగానే అన్నాననుకుంది. ఇన్నేళ్లు చెవిటి తండ్రితో ఉన్న పిల్ల కదా, ఆ మాట కార్ఖానా చప్పుడు మీదుగా గుడి అంతా వినబడింది. ఆమెన్ అనమని ఎవరూ చెప్పలేదు. అందరూ అన్నారు. నేను మాత్రం అనలేకపోయాను.

ఇంటికి వచ్చి “ఇప్పుడు చెప్పొచ్చా బిడ్డా?” అని అడిగాను. “అందరికి చెప్పు నాన్నా” అన్నది. పక్కనే నిలబడి నేను రాసేది చదువుతోంది. నీ చీర పంపకు, నువ్వే తీసుకొని రావాలట. పెళ్లి ఇరవై రెండో తారీఖు, గురువారం, మా గుడిలోనే.

ఉత్తరం అందగానే చెప్పులు వేసుకొని బయలుదేరు. ఈ వరుసలో చెప్పు.

బెంజమిన్‌కు, వారం ముందే సెలవు పెట్టుకొని నిన్ను రైలెక్కించి తనతో తీసుకురమ్మని.

నాగయ్య చిన్నాన్నకు, బాజా వాళ్లదేనని, ఆయన అడిగిన మాటకు ఐదు నెలలకు జవాబు దొరికిందని.

ఓదెలు బావకు, తప్పకుండా రమ్మని, తాగి మాత్రం రావద్దని.

హనుమాండ్లు మామకు, ఆయనకు కళ్లు కనిపించవు కాబట్టి ఇంటికి పోయి చేయి పట్టుకొని చెప్పు.

దుర్గవ్వ చిన్నమ్మకు, షోలాపూర్ సంబంధం తెచ్చినప్పటినుంచి మనకు మొహం చాటేస్తోంది. ఆమె తప్పు ఏమీ లేదని, ముందు వరుసలో కూర్చోవాలని గ్రేస్ చెప్పమన్నది.

ఐలవ్వకు, ఆమెకు ఎట్లాగూ తెలిసే ఉంటుంది. అయినా కొత్త సంగతిలాగే చెప్పు, పాపం ఆశ్చర్యపోనీ.

ఆఖరున గ్రేస్ తల్లికి. సమాధుల తోటలో గోడ వార, వేపచెట్టు దాటినాక రెండోది. ఆమెకు గట్టిగా చెప్పే పని లేదు, మెల్లగా చెప్పు. మా ఇద్దరిలో చెవులు సరిగ్గా ఉన్నది ఆమెకే.